రాని కిరాయి

నోటీసు మరాఠీల వస్తది.
ఘర్‌పట్టీ, పానీపట్టీ, దీపం పన్ను, చదువు పన్ను,
చెట్టు పన్ను గూడ ఉన్నది.
మా గల్లీల చెట్టు ఏడున్నదని అడిగితే
నగర్ పరిషద్ గుమాస్తా నవ్విండు.
నెల దాటితే నూటికి రెండు దండుగ.
ఆ ఒక్క మాట ఏ భాషల రాసినా అర్థమైతది.

ఏడు అర్రలు, రోడ్డు మొఖాన రెండు దుకాణాలు.
మా ఆయన బొగ్గు బాయి దిగి దిగి, దగ్గి దగ్గి
తెచ్చిన పైసలు ఇటుకలైనయ్.
తక్కువ పడ్డది బ్యాంకోడిచ్చిండు.
బల్లార్షాల కిరాయిలంటే కూసోని తినుడే అన్నరు.
కూసున్న.
మోటారు కాలిందని లేపిండ్రు.

సున్నం ఈ ఊళ్లె ఏడాది నిలువదు.
దసరాకు తెల్లగేస్తే, హోళీ నాటికి
గోడకు ఆనిన అరచెయ్యి నల్లగైతది.
ఎండకాలం కూలర్లు మనుషులకన్నా ఎక్కువ తాగుతయ్,
పగటీలికే ట్యాంకు డొల్ల,
ట్యాంకరోడు అడిగిందే రేటు.
సెప్టిక్ ట్యాంకు నిండేది మాత్రం
ఇంటికి చుట్టాలొచ్చిన దినమే.

దేవ్‌తళే సాబ్ చంద్రపూర్ల ఉంటడు, లెక్కలాయన.
జూలైల నా సంచి ఆయన బల్ల మీద కుమ్మరిస్త:
రసీదులు, చిట్టీలు, నాలుగు బియ్యపు గింజలు.
కట్టిన ఘర్‌పట్టీ ఒక దిక్కు పెడ్తడు,
బ్యాంకు మిత్తి ఇంకో దిక్కు,
మిగిలినయన్నీ మళ్ల సంచిలేస్తడు.
"మావ్‌శీ, మరమ్మతులకని సర్కారు
నూటికి ముప్ఫై వొదిలేస్తది. రసీదు అడుగదు.
నువ్వు పది పెట్టినా ముప్ఫయ్యే, యాభై పెట్టినా ముప్ఫయ్యే."

రసీదు అడుగని సర్కారు!
బస్సుల ఇంటికొచ్చుకుంట
ఆ ముప్ఫైల ఎన్ని కుక్కుకున్ననో:
రాత్రికి రాత్రి బల్బు హోల్డర్లు సుత
పీక్కపోయిన పెయింటర్ పిలగాడు,
నీళ్లొస్తలేవని నాలుగు గొట్టంగ తలుపు కొట్టుడు,
బట్టల తీగె కాడ ఇద్దరాడోళ్ల పంచాయితి,
మెట్లు, నా మోకాలు.

ఈసారి ఆయన అద్దాలు తీసి అడిగిండు:
"ఐదో అర్ర నాలుగు నెలలు రాలే?"
రాలే. కమలాకర్ రాంటెకే.
మిల్లుల ఠేకేదారు కింద పని. ఠేకా పోయింది.
"ఖాళీ చేయించినవా? నోటీసిచ్చినవా?"
లేదు.
"అయితే వచ్చినట్టే లెక్క.
వెళ్లగొడితే రాని కిరాయి తీసెయ్యొచ్చు.
ఉంచుకుంటే రానిదాని మీద గూడ పన్ను."

కురవని వానకు నీటి తీరువా.

బస్టాండ్ల పుస్తకం తెరిచి కూసున్న.
రాని పన్నెండు వేల మీద పన్ను
పదిహేడు వందల చిల్లర.
వాన్ని పంపిస్తే సున్నం రెండు వేలు, కొత్త తాళం,
దలాలికి ఒక నెల కిరాయి,
ఆపైన దసరా దాకా ఖాళీ.
మిల్లు గేటు ముంగట ఇప్పుడు కొత్తగ దిగేటోళ్లెవరు?
అందుకే ఉంచుకున్న.
దయ అనకుండ్రి. కూడి చూసుకోండ్రి.
ఎదురింటి వత్సలాబాయి నీది మెత్తటి మనసు అంటే
పుస్తకం తెచ్చి చూపించిన.
ఆమె అంకెలు చూడలే, నన్నే చూసింది.

మొన్న చెప్పకుండనే ట్యాంకెక్కి
రాంటెకే ఒండు తీసిండు, ఏడు బకెట్లు.
మోటారు కాయిలు గూడ వాడే చుట్టిండు.
బజార్ల పద్దెనిమిది వందలు అడుగుతరు.
పైసలంటే ఇననట్టే చేసి
తడి కాళ్లతోని మెట్లు దిగిపోయిండు.

దాన్ని ఏ ఖానాల రాయాలె?
బాకీల తీసేస్తే వాడు చిన్నబోతడు,
తీసెయ్యకుంటే నేను.
దేవ్‌తళే సాబ్‌కు ఫోన్ చేసిన. ఎత్తలే.

పుస్తకం మీద ట్యాంకు నీళ్ల చుక్క పడ్డట్టుంది,
ఐదో అర్ర ఎదురుంగ సిరా పారింది.
ఆరనీ.
ఘర్‌పట్టీకి ఇంకా పన్నెండు దినాలున్నయ్.